మెడలో బిళ్ళ

"మెడ కాదురా నానడుగుతున్నది. నోరు! అమ్మ నోరు ఎవురైనా సూసినారా?"

సింహాద్రమ్మ తుని బస్సు దిగి ఎంతోసేపు కాలేదు. చేతిసంచి ఇంకా చంకలోనే ఉంది. చెవులకీ మెడకీ కలిపి చుట్టుకున్న తువ్వాలు ఇంకా విప్పలేదు. పాయకరావుపేట నుంచి దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన కోపమంతా తమ్ముడి ఇంటి నడవలో కుమ్మరిస్తోంది. నర్సీపట్నం పెదబొడ్డేపల్లిలో సైన్సు మాస్టారి ఇల్లంటే వీధిలో ఒక మర్యాద ఉంది. ఆ మర్యాద ఇవాళ పొద్దున్నే గుమ్మం దాటి బయటికి వెళ్ళిపోయింది.

"నెమ్మదిగా అప్పా. పక్కవాళ్ళు వింటారు," అన్నాడు మంగరాజు. బడికి వెళ్ళడానికి చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు.

"విననీ! ఐదు నెల్లనుండీ సూదులు పొడిపిస్తన్నావు. బిళ్ళ తగ్గినాదా? తగ్గడం మాట దేవుడెరుగు, దాని పక్కన ఇంకోటి లెగిసింది. సూడు, ఇక్కడ." వంగి తల్లి దవడ కింద వేలు పెట్టబోయింది.

రాజులమ్మ మెడ పక్కకి తిప్పుకుంది. గోడకి జారబడి, కాళ్ళు చాపుకుని, ఆ గొడవ ఎవరో పరాయివాళ్ళదైనట్టు వింటోంది. ఈ మధ్య ఆమెకి అన్నీ అలాగే ఉన్నాయి. సూది గుచ్చినా అంతే, కూరలో ఉప్పు మర్చిపోయినా అంతే.

"అది కంఠమాల. టీబీ గడ్డ. డాక్టరు రామనాథం గారు చెప్పారు కదా! కోర్సు పూర్తి చెయ్యాలి. మధ్యలో ఆపితే మొదటికే మోసం," అన్నాడు మంగరాజు. మాస్టారికి పాఠం చెప్పే గొంతు ఒకటుంది. ఇంట్లో ఎవరైనా ఎదురు తిరిగితే ఆ గొంతు తీస్తాడు.

"ఆ గొంతు నా కాడ తియ్యకు. నిన్ను సంకనేసుకుని తిప్పినదాన్ని నాను." సింహాద్రమ్మ సంచి కింద పడేసింది. "మా ఈదిలో సింగన్న పెళ్ళానికీ ఇలగే మెడలో బిళ్ళ. ఆకుపసరు కట్టినారు, మంత్రం ఏయించినారు, ఏటి సేసినా తగ్గనేదు. ఆకరికి నానే ఎంటబెట్టుకుని ఇశాపట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లినాను. ఆ డాట్రు మెడ ముట్టుకోనేదురా. ముందు నోరు తెరమన్నాడు. అసలుది అంగిట్లో ఉన్నాదంట. మెడలోది దాని పిల్లంట."

"సింగన్న పెళ్ళానికీ మనమ్మకీ ఏటి పోలిక?"

కోపం వస్తే మాస్టారి భాష పుట్టినూరు రావికమతం వెళ్ళిపోతుంది. ఆ సంగతి ఆయనకి తెలియదు గానీ బడిలో పిల్లలందరికీ తెలుసు.

"పోలికేటా? అదీ అడ్డపొగే. అమ్మా అడ్డపొగే."

మంగరాజు వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేశాడు.

అడ్డపొగ అంటే మన జిల్లాలో కొత్తగా చెప్పాలా? చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. నిప్పు లోపల, తోక బయట. గాలికి ఆరదు. బూడిద కూరలో రాలదు. చేతులు రెండూ ఖాళీ, దంచుకోవచ్చు, చెరుగుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, దూరం నుంచి చూసే అత్తకీ మామకీ ఎర్రగా నిప్పు కనబడదు.

పల్లెలో ఆడవాళ్ళు కాల్చుకుంటే ఎవరికీ పట్టదు. నర్సీపట్నంలో మాస్టారి తల్లి కాలిస్తే అది వేరే మాట. అందుకే తన పెళ్ళి కుదిరినప్పుడు మంగరాజు తల్లి చేత ఒట్టు వేయించుకున్నాడు. విశాఖపట్నం కలెక్టరాఫీసు గుమస్తాగారి అమ్మాయి కోడలుగా వస్తోంది, ఇంట్లో చుట్టకంపు ఉంటే ఎలా? తల్లి చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని మరీ ఒట్టు వేయించుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందటి మాట.

"ఒట్టేశాక మా అమ్మ చుట్ట ముట్టుకోలేదు," అన్నాడు ఇప్పుడు. ఆ నమ్మకం మీదే ఆయన ఇన్నాళ్ళూ హాయిగా నిద్రపోయాడు.

"అయితే మళ్ళీ నీ నెత్తిమీద సెయ్యెట్టి సెప్పమను."

సరిగ్గా అప్పుడే కోడలు కనకమహాలక్ష్మి వంటింట్లోంచి కాఫీ గ్లాసులు పట్టుకొచ్చింది. పొయ్యి మీంచి దింపినవి దింపినట్టే తెచ్చింది, చీరకొంగుతో పట్టుకుని. అత్త చేతికి ఒకటిచ్చింది. ఆడపడుచుకి ఒకటిచ్చింది. మొగుడికి కిటికీలో పెట్టింది.

మంగరాజు గ్లాసు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రాజులమ్మ మాత్రం ఊదకుండా, ఆగకుండా గటగటా తాగేసింది. సింహాద్రమ్మ కూడా అంతే. కనకం ఖాళీ గ్లాసులు రెండూ తీసుకుని ఒక్క క్షణం వాటివైపు చూస్తూ నిలబడింది. ఆమె ఎప్పుడూ చూసినవన్నీ మనసులో పెట్టుకుంటుంది, నోటితో అనదు. వీధిలో అందరూ దాన్నే పెంపకం అంటారు.

"సెప్పవే అమ్మా," అంది సింహాద్రమ్మ.

"నీళ్ళపొయ్యి ఆరిపోతాది," అని రాజులమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. ఎవరి వైపూ చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వెళ్ళిపోవడంలోనే జవాబు ఉంది. అయినా మంగరాజు దాన్ని వినదలుచుకోలేదు. "పెద్దావిణ్ణి పట్టుకుని ఏటా మాటలు? ఎంత బాధపడిందో చూడు," అని అక్కని కసిరాడు.

కనకం గ్లాసులు కింద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి, పప్పుడబ్బాల వెనకనుంచి పేపరులో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చింది. మొగుడి ముందు గచ్చు మీద పెట్టి విప్పింది. చుట్టల కట్ట.

"ఏటిది?"

"అత్తయ్యవి."

"నీకెక్కడ దొరికాయి?"

"దొరకలేదండీ. నేనే తెప్పించాను. సంతకి చింతపండు తెచ్చే దేవుడమ్మ ఉంది కదా, ఆవిడ చేత."

మంగరాజు ఆ కట్టని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. "ఎప్పట్నించి?"

"కాపరానికి వచ్చిన కొత్తలోంచి. పొద్దున్నే నీళ్ళపొయ్యి నేనే వెలిగిస్తానని అత్తయ్య పట్టుబట్టేవారు గుర్తుందా? కోడలికి శ్రమ తగ్గిస్తోందని మీరు ఊరంతా చెప్పుకునేవారు. పొయ్యి పొగలో చుట్టపొగ కలిసిపోతుందనండీ అది. నేనొకనాడు బిందెకోసం వెళ్ళాను. నన్ను చూసి నిప్పుతో సహా నోరు మూసేసుకున్నారు. మాట్లాడకుండా వచ్చేశాను. మర్నాడు పొయ్యి పక్క గూట్లో రెండు చుట్టలు పెట్టాను. అంతే. ఇవాళ్టిదాకా మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు."

"సరిపోయింది!" అంది సింహాద్రమ్మ. "అత్తకి కోడలు సుట్టలు అందించే కొంప ఇదే సూడ్డం."

మంగరాజు అక్క మాట వినలేదు. "డాక్టరు గారు అడిగినప్పుడు నువ్వక్కడే ఉన్నావు. చుట్ట అలవాటుందా అని ఆయన అడిగాడు."

"ఉన్నాను. నేను నోరు విప్పేలోగా మీరు చెప్పేశారు. 'మాస్టారి ఇల్లండీ మాది, అలాంటి అలవాట్లు లేవు' అన్నారు. ఆయన కూడా సిగ్గుపడి, క్షమించండి మాస్టారూ అన్నారు. ఆ మాట మీద నేను కాదంటే మీ మొహం ఏమయ్యేది?"

"నా మొహం! నా మొహం కోసం మా అమ్మని..."

"మీ మొహం కోసమే కదండీ ఒట్టు వేయించుకున్నారు," అంది కనకం. గొంతు పెంచలేదు.

మంగరాజుకి పెళ్ళాం మీద కోపం రావాలి. రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు. బుర్రలో మాత్రం తొమ్మిదో తరగతికి ఏటేటా తను చెప్పి రాయించే వాక్యం ఒకటి తిరుగుతోంది: శోషరస గ్రంథులు శరీరమునకు కాపలాదారుల వంటివి. ఆ గ్రంథులే ఈ మెడలో బిళ్ళలు. ఆ పాఠం పరీక్షలో రాదని ఒక్క పీరియడులో ముగించేస్తాడు. పిల్లల చేత బొమ్మ కూడా వేయించడు.

పెరట్లోకి వెళ్ళాడు.

రాజులమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని కొబ్బరి మట్టలు లోపలికి తోస్తోంది. నోట్లో ఏమీ లేదు. ఊరికే కూర్చుంది.

"అమ్మా, నోరు తెరు."

"ఎందుకురా?"

"చూడాలి."

"పళ్ళూడిన నోరు. ఏటి సూస్తావు అందులో?"

"కనకం చెప్పింది."

రాజులమ్మ చేతిలో మట్ట ఆగింది. "సెప్పీసిందా," అంది. మట్టని పొయ్యిలోకి తోసి, "మంచి పిల్ల. ఇన్నేళ్ళు దాసింది," అంది.

"ఒట్టేశావు కదే నా మీద."

"ఏసినాను. మానీసినాను కూడాను, కొన్నాళ్ళు. కూడు దిగనేదు, సెయ్యి ఒణికిపోయింది. నిప్పు నోట్లోనే గదా ఉంటాది, ఎవురికీ అగుపడదు గదా, అగుపడనిది ఒట్టుకి మాత్రం ఎలగ తెలుస్తాది అనుకున్నాను." పొయ్యిలోకే చూస్తూ మాట్లాడుతోంది. "తెలిసిపోయినాదిరా. ఆ ఏడే గదా నువ్వు సైకిలు మీంచి పడి కాలిరగ్గొట్టుకున్నావు? మరి కనకానికి కడుపు నిలవకపోడం? అదీ నా ఒట్టే. నోరు తెరిస్తే తప్పినానని ఒప్పుకున్నట్టే గదా. ఒప్పుకున్నాక నీ పేణానికేటైనా అయితే? వొద్దురా. నాది పోతే పోనీ. నాను ఉండి ఎవుర్ని ఉద్ధరించాల?"

పెరటి గుమ్మంలో కనకం నిలబడి ఉంది. చెంబు పట్టుకుని వచ్చింది. విన్నది. చెంబుతోనే లోపలికి వెళ్ళిపోయింది.

మంగరాజు సైన్సు మాస్టారు. ఒట్లకీ కాళ్ళు విరగడానికీ సంబంధం లేదని చెప్పడానికి నోరు తెరిచాడు. చెప్పలేకపోయాడు. ఆ ఒట్టు వేయించుకున్నప్పుడు ఈ సైన్సు ఎక్కడికి పోయింది? అప్పుడు తను దాన్ని నమ్మాడు. తల్లి నమ్ముతుందని తెలిసే వేయించుకున్నాడు.

చిన్నప్పుడు ఆటల్లో అనుకునే మాట ఒకటి గుర్తొచ్చింది. నామోషీగానే ఉంది గానీ అనేశాడు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశానే అమ్మా."

రాజులమ్మ తలెత్తి చూసింది. "అలగ నోటిమాటగా కాదు. ఏసింది నెత్తి మీద. నెత్తి మీంచే తియ్యాల."

మంగరాజు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. మసి అంటిన ఆమె చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని తల్లిని లేపి, నూతి దగ్గరికి నడిపించి, గట్టు మీద ఆనించాడు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఇంక నా మీద లేదు. నీ మీదా లేదు."

"నిజిమేనా?"

"నిజమే."

రాజులమ్మ ఎండవైపు తిరిగింది. కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

అంగిలి ఎర్రగా ఉండాలి. అమ్మ అంగిలి సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఎడమపక్కన పుండు ఉంది, అంచులు పైకి లేచి. మెడలో బిళ్ళ కూడా ఎడమపక్కే.

"నొప్పి లేదా?"

"నేదు. అక్కడ నాకేటీ తెలీదురా. ఏడీ తెలీదు, కారమూ తెలీదు. శానాళ్ళయినాది."

మంగరాజు బడికి సెలవు కబురు పంపాడు. రిక్షా తేవడానికి తనే వీధి చివరికి వెళ్ళాడు. నెత్తి మీద మసి అలాగే ఉంది. ఎవరూ చెప్పలేదు.

లోపల కనకం అత్త జుట్టు దువ్వి ముడి వేసింది. ఉతికిన చీర కట్టింది. ఇద్దరి మధ్యా ఎప్పటి మౌనమే. చీర కుచ్చిళ్ళు సర్దుతుంటే రాజులమ్మే అంది, "నువ్వేటీ మనసులో ఎట్టుకోకు. పెట్టకపోతే అడుక్కుని తెచ్చుకుందును. మర్యాదగా పెట్టినావు."

కనకం కళ్ళు చెమ్మగిల్లాయి. కిందకి వంగి కుచ్చిళ్ళే సర్దుతూ ఉండిపోయింది.

"ఒకటి ఇయ్యి," అంది రాజులమ్మ, చాలా మామూలుగా. "ఎల్లేముందు. ఒక్కటే."

"వద్దత్తయ్యా."

తొమ్మిదేళ్ళలో ఆ విషయం గురించి వాళ్ళిద్దరూ అనుకున్న మొదటి మాటలు అవే. రాజులమ్మ మళ్ళీ అడగలేదు.

ఆ కట్టని పొయ్యిలో పడేద్దామని కనకం నడవలోకి వెళ్ళింది. గచ్చు మీద కట్ట లేదు. పేపరూ లేదు. సింహాద్రమ్మ మొహం కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళింది. ఆమె చేతిసంచి గోడ పక్కన ఉంది, మూతి సరిగ్గా మూయలేదు. పేపరు అంచు బయటికి కనబడుతోంది. కనకం చూసింది. అలవాటు ప్రకారం ఏమీ అనలేదు.

రామనాథం గారి ఆస్పత్రి బస్టాండు పక్కన. దారిలో ఒక్క సింహాద్రమ్మే మాట్లాడింది. డాక్టర్ని తిట్టింది, తమ్ముణ్ణి తిట్టింది, రిక్షావాణ్ణి గతుకుల్లో పోనిచ్చినందుకు తిట్టింది. ఎండ మాడ్చేస్తోంది. "ఆ తువ్వాలు తీసెయ్యి వదినా, ఉక్కపోయడం లేదూ?" అంది కనకం. "బస్సు గాలికి సెవులు పట్టీసినాయి," అని సింహాద్రమ్మ దాన్ని ఇంకాస్త బిగించుకుంది.

రామనాథం గారు టార్చిలైటు వేసి రాజులమ్మ నోట్లోకి చాలాసేపు చూశాడు. మెడ రెండువైపులా వేళ్ళతో నొక్కి చూశాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ గోడవైపే తిరిగి నిలబడిపోయాడు. ఆయన మంచివాడు. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆయన చేతుల మీదే పుట్టారు.

"తప్పు నాది మాస్టారూ," అన్నాడు. "మీరు లేదన్నారు సరే. నేను నోరు చూడొద్దూ? మాస్టారి తల్లిగారు కదా, నోరు తెరవమంటే ఏం బావుంటుందని మొహమాటపడ్డాను. కూలిమనిషైతే మొదటిరోజే తెరిపించేవాణ్ణి."

"అయితే టీబీ కాదా?" అంది కనకం.

"కాదమ్మా. ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ ఖాయంగా అనకూడదు. కానీ నాకు అనుమానం లేదు. ఇది కాన్సరు." ఆయన కుర్చీ లాక్కుని రాజులమ్మకి ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి మాస్టారికి కాకుండా ఆమెకే చెప్పాడు. "అమ్మా, ఒంట్లో రక్తం కాకుండా ఇంకో నీరు కూడా పారుతూ ఉంటుంది."

"శోషరసం," అన్నాడు మంగరాజు.

"అదే. తాండవ కాలవనుంచి మీ చేలకి బోదెలు పారినట్టు, ఒళ్ళంతా సన్నటి దారులు. నోట్లోంచి వచ్చేవి ఈ మెడ దగ్గర బిళ్ళల్లోకి చేరతాయి. పన్ను పుచ్చినా, పుండు లేచినా, టీబీ పురుగు దూరినా, ముందు అడ్డుపడి పోట్లాడేది ఈ బిళ్ళలే. పోట్లాడితే వాస్తాయి. అంటే బిళ్ళ దొంగ కాదమ్మా, కాపలావాడు. కాపలావాడు కేకేశాడంటే ఇంట్లో దొంగ ఎక్కడున్నాడో వెతకాలి. మనం ఐదు నెలలు కాపలావాణ్ణే సూదులతో పొడిచాం."

"మరి ఆ కాపలావోడు దీన్ని కొట్టి తరిమీనేదేటి బాబూ?" అంది రాజులమ్మ. పక్కూరి సంగతి అడిగినట్టే అడిగింది.

"టీబీ పురుగు బయటనుంచి వచ్చేది. పరాయిదని గుర్తుపడతాడు. కాన్సరు అలా కాదు. మన ఒంట్లోని కణాలే దారి తప్పి పెరిగిపోతాయి. మొహం చూస్తే మనవాళ్ళలాగే ఉంటాయి. అందుకని చాలాసార్లు పోనిచ్చేస్తాడు. అవి వాడి ఇంట్లోనే కాపరం పెట్టేస్తాయి."

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా," అంది రాజులమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

"మెడ దాటిపోయిందా డాక్టరు గారూ?" అన్నాడు మంగరాజు.

"తెలీదు. దాటకపోతే విశాఖపట్నంలో ఆపరేషన్ చేస్తారు. అంగిట్లో ఆ భాగమూ, మెడలో బిళ్ళలూ తీసేసి, తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెడతారు. అలా బతికినవాళ్ళున్నారు. బతకనివాళ్ళూ ఉన్నారు. అబద్ధం చెప్పను. ఈ ఐదు నెలలూ చేతిలో ఉంటే బావుండేది. రేపు తెల్లారి బస్సుకే ఎక్కించండి."

"ఐదు నెలలు!" సింహాద్రమ్మ గొంతు గదంతా నిండింది. "నాను కబురెట్టనేదా? నోరు సూడండని ఉత్తరం రాయించనేదా? ఆడకూతురి మాట ఎవుడింటాడు! ఒకరికి పరువు, ఒకరికి మొగమాటం, ఒకరికి పెంపకం. అందరూ కలిసి మాయమ్మని సంపీసినారు!" గోడకి చేరబడి బావురుమంది.

మంగరాజు తల వంచుకున్నాడు. అప్పుడు కనబడింది రామనాథం గారికి ఆయన నెత్తి మీది మసి. చూసి ఊరుకున్నాడు.

"బాబూ," అంది రాజులమ్మ. కూతురి ఏడుపు ఆగేదాకా ఉండి అడిగింది. "ఇది అంటురోగమా?"

"కాదమ్మా."

"మరి అడ్డపొగ కాల్చినోల్లందరికీ వస్తాదా?"

"అందరికీ రాదు. కానీ అంగిట్లో వచ్చినవాళ్ళని చూస్తే మన వైపు ఎక్కువమంది అడ్డపొగవాళ్ళే. ఎంత చిన్నప్పట్నుంచి కాలిస్తే అంత ముప్పు."

రాజులమ్మ తల ఊపింది. ఐదు నెలలుగా సూదికీ మందుకీ చలించని మొహం మొదటిసారి కదిలింది.

"నాకిద్దరు పిల్లలు బాబూ. కొడుకుని బడికంపినాను. కూతుర్ని పొయ్యి కాడ కూకోబెట్టినాను. నాను ఊడుపులకాడ ఉంటే సుట్ట ఎలిగించి తెమ్మనీదాన్ని. నిప్పు ఆరిపోకుండా దారంతా పీల్చుకుంటూ తెచ్చీది. ఇంతంత గుంటపిల్ల. ముద్దొచ్చి నవ్వీదాన్ని. నాలిక కాలకుండా నిప్పు అడ్డంగా ఎలగెట్టుకోవాలో నానే నేర్పినాను. ఈ సేత్తోనే నేర్పినాను." ఆమె చెయ్యి ఎత్తి చూపించింది. "నాదెలాగూ అయిపోయినాది. ముందు దాని నోరు సూడండి."

గదిలో అందరూ సింహాద్రమ్మ వైపు తిరిగారు.

"నాకేటి?" అంది ఆమె, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నాకేటీ నేదు. నాను బాగానే ఉన్నాను. అమ్మ సంగతి సూడండి బేగి. ఎల్లాల, బస్సులున్నాయో నేవో..."

"కూర్చోమ్మా," అన్నాడు రామనాథం గారు. ఈసారి ఆయన మొహమాటపడలేదు. టార్చిలైటు చేతిలోకి తీసుకున్నాడు. "నోరు తెరు."

సింహాద్రమ్మ గుమ్మంవైపు అడుగేసింది.

గుమ్మానికి అడ్డంగా కనకం నిలబడి ఉంది. పొద్దున్న పొగలు కక్కే కాఫీ ఆడపడుచు ఎలా తాగిందో ఆమెకి గుర్తొచ్చింది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఇంతకుముందైతే మనసులో పెట్టుకునేది.

"కట్ట నీ సంచిలో ఉంది వదినా," అంది. "చూశాను."

సింహాద్రమ్మ నిలబడిపోయింది. కనకం దగ్గరికి వెళ్ళి, ఆమె మెడ చుట్టూ ఉన్న తువ్వాలు ముడి విప్పింది. ఒక చుట్టు తీసింది, ఇంకో చుట్టు తీసింది. దవడ ఎముక కింద వేళ్ళు ఆనించింది. సింగన్న పెళ్ళాన్ని పెద్దాసుపత్రికి ఈవిడే ఎందుకు వెంటబెట్టుకుని వెళ్ళిందో, ఆ డాక్టరు చెప్పిన ప్రతి మాటా ఎందుకు అంత జాగ్రత్తగా గుర్తు పెట్టుకుందో ఆ వేళ్ళకి తెలిసిపోయింది. అక్కడ సెనగగింజంత బిళ్ళ గట్టిగా తగిలింది.

"ఎప్పట్నించి వదినా?"

పొద్దున్న బస్సు దిగినప్పట్నుంచి ఊపిరి తిప్పుకోకుండా అందర్నీ కడిగేసిన మనిషి నోరు విప్పలేదు.